మార్కులు బాగానే ఉన్నాయి, పిల్లే బాగాలేదు: తెలివైన టీనేజ్ పిల్లల్లో డిప్రెషన్

వెన్నెల_అమ్మ

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మా అమ్మాయికి పదిహేనేళ్లు. చిన్నప్పటి నుంచీ వయసుకు మించిన పిల్ల. ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే చదవడం వచ్చేసింది. తొమ్మిదేళ్లకే వాళ్ల అన్నయ్య లెక్కల పుస్తకం తీసుకుని చేసేది. ఇప్పటికీ మార్కుల్లో ఏ తేడా లేదు. నాకు వచ్చిన చిక్కల్లా అదే. ఎవరికి చెప్పుకున్నా "అంత బాగా చదివే పిల్లకి ఏం కష్టమండీ" అంటున్నారు.

ఇంట్లో నేను చూస్తున్నది వేరు. ప్రాణంగా చూసుకునే వయొలిన్ పెట్టె తెరవడం లేదు. స్నేహితురాలు ఫోన్ చేస్తే "నిద్రపోతున్నానని చెప్పమ్మా" అంటుంది. చిన్న మాటకే కసురుకుంటుంది, కాసేపటికి తనే వచ్చి సారీ చెబుతుంది. రాత్రి రెండు దాటినా గదిలో లైటు వెలుగుతూనే ఉంటుంది. ఏమైందని అడిగితే "ఏం లేదు, అలిసిపోయా" అంటుంది. మొన్న మాత్రం అన్నం తింటూ తింటూ ఆగి, "ఇదంతా ఎందుకు చేస్తున్నామని నీకెప్పుడూ అనిపించలేదా?" అని అడిగింది. మామూలుగా అడిగినట్టే అడిగింది. నాకు మాత్రం గుండె ఝల్లుమంది.

మావారు "తెలివైన పిల్లలు ఇంతే, ఎక్కువ ఆలోచిస్తారు, వయసొస్తే సర్దుకుంటుంది" అంటున్నారు. నిజమేనా? తెలివితేటలు ఎక్కువైతే ఇలాగే ఉంటారా, లేక ఇది డిప్రెషనా? ఎవరిని కలవాలి?

గవాక్షం

వెన్నెల అమ్మగారూ, మీవారు అన్నదాంట్లో కొంత నిజం ఉంది. మేధ ఎక్కువున్న పిల్లలకి లోకం మనకి కనిపించినంత తేలిగ్గా కనిపించదు. పోలండ్‌కి చెందిన కజిమీర్జ్ డాబ్రోవ్‌స్కీ అనే సైకియాట్రిస్ట్ (1902–1980) దీని మీదే జీవితమంతా పనిచేశాడు. కొందరిలో స్పందనలు మామూలు కంటే తీవ్రంగా ఉంటాయని, అవి శారీరక చురుకుదనం, ఇంద్రియానుభూతి, ఆలోచన, ఊహ, భావోద్వేగం అనే ఐదు దారుల్లో కనిపిస్తాయని చెప్పాడు. లోపల అంతా విరిగిపోతున్నట్టు అనిపించడం కూడా ఒక్కోసారి పై మెట్టుకి ఎదగడంలో భాగమే అన్నది ఆయన సిద్ధాంతం.

మీ అమ్మాయి అడిగింది చాలా పెద్ద ప్రశ్న. అది జబ్బు కాదు. దయచేసి తొందరపడి మందుల దాకా తీసుకెళ్లకండి. తనకి కావలసింది తనతో సమానంగా ఆలోచించే మనిషి.

మనోవైద్యురాలు_కె

నేను పిల్లలకీ టీనేజర్లకీ వైద్యం చేసే సైకియాట్రిస్టుని. ఇక్కడ కూర్చుని ఎవరికీ ఏ జబ్బూ నిర్ధారించలేను. కానీ గవాక్షం గారు రాసినదాన్ని అలా వదిలేయలేను కూడా.

ముందు "తెలివైన పిల్లలు ఇంతే" అన్న మాట సంగతి చూద్దాం. దీని మీద పరిశోధన వందేళ్లుగా జరుగుతోంది. 1921లో స్టాన్‌ఫర్డ్‌లో లూయిస్ టెర్మన్ అనే మనస్తత్వవేత్త 1,500 మందికి పైగా తెలివైన పిల్లల్ని ఎంచుకుని దశాబ్దాల పాటు వాళ్ల జీవితాల్ని గమనిస్తూ వచ్చాడు. తెలివైన పిల్లలు నలతగా, ఒంటరిగా, మానసికంగా బలహీనంగా ఉంటారన్న అప్పటి నమ్మకానికి ఆ సమాచారం ఎదురు తిరిగింది. ఆ ఎంపికలో లోపాలున్నాయి, బాగా ఉన్న ఇళ్ల పిల్లలే ఎక్కువ. సరే, అది పక్కన పెట్టి 2010కి వద్దాం. మార్టిన్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, ప్రతిభావంతులైన పిల్లల్లో ఆందోళన కాస్త తక్కువగానే ఉంది, డిప్రెషన్‌లో మిగతా పిల్లలతో చెప్పుకోదగ్గ తేడా లేదు. 2022లో బ్రిటన్ బయోబ్యాంక్ (లక్షల మంది ఆరోగ్య వివరాలు దాచిన భాండాగారం) సమాచారం పెద్దవాళ్లలో చెప్పింది కూడా దాదాపు ఇదే. ఎక్కువ తెలివి మానసిక జబ్బులకి కారణమవుతుందన్న ఆధారం అందులో దొరకలేదు.

2018లో మెన్సా (తెలివితేటల పరీక్షలో బాగా పైన వచ్చినవాళ్ల క్లబ్బు) సభ్యుల మీద జరిగిన ఒక సర్వే మాత్రం వాళ్లలో మూడ్ సమస్యలు ఎక్కువని చెప్పింది. ఇంటర్నెట్‌లో బాగా తిరిగేది అదే. కానీ అందులో పాల్గొన్నవాళ్లు ఒక క్లబ్బులో చేరి, తమంతట తాముగా జవాబులిచ్చినవాళ్లు. తెలివైనవాళ్లందరి గురించీ దాన్నిబట్టి చెప్పలేం.

నేను ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, డిప్రెషన్ తెలివితేటల్లో భాగం కానప్పుడు, తెలివైన పిల్లలో డిప్రెషన్ కనిపిస్తే దాన్ని డిప్రెషన్‌గానే చూడాలి. "ఆలోచనాపరురాలు" అని పేరు పెట్టి ఊరుకుంటే ఆ పిల్లకి అందాల్సిన సాయం అందదు.

ఇక మీరు రాసినవి. ఇష్టమైన పని వదిలేయడం, స్నేహితుల్ని తప్పించుకోవడం, చిరాకు, నిద్ర చెడటం, అలసట, అర్థం లేదన్న భావన. కనీసం రెండు వారాల పాటు, దాదాపు రోజంతా, దాదాపు ప్రతిరోజూ, తొమ్మిది లక్షణాల్లో ఐదైనా ఉండి, వాటిలో దిగులుగానీ ఆసక్తి పోవడంగానీ ఒకటి ఉంటే డిప్రెషన్ అంటాం. రోజువారీ బతుకు దానివల్ల దెబ్బతినాలి కూడా. టీనేజర్లలో దిగులు బదులు చిరాకే ముందు కనబడవచ్చు. చాలా ఇళ్లలో పప్పులో కాలేసేది అక్కడే. పిల్ల ఏడవడం లేదు కదా అనుకుంటారు. కసురుకుంటే పొగరనుకుంటారు.

చూపించండి. ఆలస్యం చేయకండి.

లెక్కల_మాస్టారు

డాక్టరమ్మ గారి మాటకి నా వైపు నుంచి ఒకటి కలుపుతాను. బడిలో మాకు కనబడేది మార్కులే కాబట్టి, మార్కులు తగ్గని పిల్లల గురించి ఎవరూ మీటింగుల్లో మాట్లాడరు. వెనకబడినవాళ్ల లిస్టు ఉంటుంది. ముందున్నవాళ్లకి ఏ లిస్టూ ఉండదు.

నా క్లాసులో ఒక కుర్రాడు ఉండేవాడు. హోమ్‌వర్క్ నోట్‌బుక్ దిద్దుతుంటే ఒకచోట కాగితం వేలికి పల్చగా తగిలింది. వెలుగులో పెట్టి చూస్తే ఒకే లెక్క రాసి, చెరిపి, మళ్లీ రాసి, మళ్లీ చెరిపి ఉంది. కింద గీతలు పడి కనిపిస్తున్నాయి. మొదటిసారి రాసిన జవాబే కరెక్టు. చివరికి ఉంచిందీ అదే జవాబు. మధ్యలో అన్నిసార్లు చెరిపింది అంకెలు అందంగా రాలేదని. పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని "ఎంతసేపు పట్టిందిరా ఇది?" అంటే, తలొంచుకుని "రాత్రంతా సార్" అన్నాడు. మిగతా నోట్‌బుక్ తిరగేశాను. ప్రతి పేజీలోనూ అలాంటివి ఉన్నాయి. టిక్కులు పెట్టుకుంటూ వెళ్లేవాళ్లకి అవి కనబడవు.

పర్ఫెక్షనిజం, అంటే తప్పే ఉండకూడదన్న పట్టుదల, ఒకటే రకం కాదని 1991లో హ్యూయిట్, ఫ్లెట్ అనే ఇద్దరు విడదీసి చూపించారు. తన నుంచి తను ఆశించేది ఒకటి, ఎదుటివాళ్ల నుంచి ఆశించేది ఇంకొకటి, లోకమంతా నా నుంచి తప్పులేనితనమే కోరుకుంటోందని నమ్మడం మూడోది. డిప్రెషన్‌తో గట్టిగా ముడిపడినట్టు మళ్లీ మళ్లీ కనిపించేది ఆ మూడోదే. ఆ కుర్రాడిలో నేను చూసిందీ అదే. ఇంట్లో ఎవరూ తిట్టలేదు. "మావాడికి తప్పు రాదు" అని గర్వంగా అనేవారు, అంతే. వాడికి అది ఒక షరతులా వినిపించింది.

ఇంకొక సంగతి. చిన్న బడిలో మొదటి ర్యాంకు వచ్చిన పిల్లని తీసుకెళ్లి అందరూ మొదటి ర్యాంకులవాళ్లే ఉన్న చోట వేస్తే, ఆ పిల్ల తెలివి ఎక్కడికీ పోదు, కానీ తన మీద తనకున్న నమ్మకం పడిపోతుంది. హెర్బర్ట్ మార్ష్ అనే మనస్తత్వవేత్త 1980ల నుంచి ఎన్నో దేశాల్లో ఇది చూపించాడు. వెన్నెల అమ్మగారూ, మీ అమ్మాయి ఈ మధ్య బడిగానీ సెక్షన్‌గానీ మారిందా?

వెన్నెల_అమ్మ

మాస్టారూ, మారింది. ఏడాది క్రితం ఎంపిక పరీక్ష రాసి ప్రత్యేక బ్యాచ్‌లో చేరింది. అక్కడ కూడా మొదటి నలుగురిలోనే ఉంది, అందుకే ఆ కోణంలో నాకు తట్టనే లేదు. మీరు నోట్‌బుక్ గురించి రాసింది చదివి వెళ్లి చూశాను. చెరిపినవి లేవు గానీ, చించేసిన కాగితాలు చాలా ఉన్నాయి. బైండింగ్ దగ్గర అంచులు మాత్రమే మిగిలాయి.

ఒకప్పటి_ఫస్ట్_ర్యాంకు

అక్కా, మీ పోస్టు చదివి లాగిన్ అయ్యాను. నాకిప్పుడు ఇరవై ఆరేళ్లు. పదహారేళ్లప్పుడు నేనూ మీ అమ్మాయిలాగే ఉన్నాను. లోపలి నుంచి ఎలా ఉంటుందో చెబుతాను, మీకు పనికొస్తుందేమో.

మార్కులు ఎందుకు తగ్గవో తెలుసా? తగ్గితే అందరూ అడుగుతారు కాబట్టి. మిగతా ప్రపంచమంతా నన్ను వదిలేయాలంటే ఆ ఒక్కటీ సరిగ్గా ఉండాలి. ఉన్న శక్తంతా దానికే ఖర్చుపెట్టేదాన్ని. అందుకే స్నానం, తిండి, స్నేహితులు, బొమ్మలు వేసుకోవడం అన్నీ ఒక్కొక్కటే వదిలేశాను. బయటికి ఏమీ తెలియలేదు. టీచర్లు "ఎంత ఏకాగ్రత" అన్నారు. ఏకాగ్రత కాదు, చదువు తప్ప ఇంకేమీ మిగల్లేదు.

ఇంకొకటి, తెలివి ఉన్నవాళ్లకి దాచిపెట్టడం కూడా బాగా చేతనవును. కౌన్సెలర్ ఇచ్చిన ఫారంలో ఏ గడిలో టిక్కు పెడితే ఏ స్కోరు వస్తుందో చూడగానే తెలిసిపోయింది. ఏ మాట అంటే అమ్మ భయపడుతుందో, ఏది అంటే ఊరుకుంటుందో తెలుసు. "అలిసిపోయా" అన్నది అన్నింటికంటే పనికొచ్చే మాట. అది అబద్ధం కాదు, ఎవరూ మళ్లీ అడగరు కూడా.

మా ఇంట్లో అందరూ నాతో పెద్దదానితో మాట్లాడినట్టు మాట్లాడేవారు. పుస్తకాలు, రాజకీయాలు, చావు, దేవుడు, ఏదైనా. అది నాకు గర్వంగా ఉండేది. కానీ భయం వేసినప్పుడు ఒళ్లో తల పెట్టుకునే పిల్ల స్థానం నాకు ఎప్పుడో పోయింది. బుర్ర ఇరవై ఏళ్లదైతే మాత్రం, మనసు పదహారేళ్లదే కదా అక్కా.

గవాక్షం

ఫస్ట్ ర్యాంకు గారూ, మీరు చివర్లో రాసింది చాలా ముఖ్యమైనది. లీటా హాలింగ్‌వర్త్ అనే మనస్తత్వవేత్త న్యూయార్క్‌లో అసాధారణ ప్రతిభ ఉన్న పిల్లల్ని ఏళ్ల తరబడి దగ్గరుండి చూసి దాదాపు ఇదే రాసింది. పెద్దవాళ్ల బుర్ర, పిల్లల భావోద్వేగాలు ఒకే ఒంట్లో ఉంటే కష్టాలు వస్తాయని. చావు, చెడు, న్యాయం లాంటి ప్రశ్నలు వాళ్లకి ముందే వచ్చేస్తాయి, వాటిని మోసే వయసు ఇంకా రాదు. 1991లో కొలంబస్ గ్రూప్ అని కొందరు కలిసి ప్రతిభకి ఇచ్చిన నిర్వచనానికి పునాది కూడా ఈ అసమాన ఎదుగుదలే.

డాక్టర్ గారు చెప్పిన లెక్కలు నేను కాదనను. సగటున తేడా లేకపోవచ్చు. కానీ నా బాధ వేరు. సగటులో తేడా లేదని చెప్పి, ఈ పిల్లల దిగులులో ఉన్న ప్రశ్నని కొట్టిపారేస్తే అది కూడా అన్యాయమే. జేమ్స్ వెబ్ అనే మనస్తత్వవేత్త ఎన్నో ఏళ్లు ఈ పిల్లలతో పనిచేశాడు. 1981లో వాళ్ల భావోద్వేగ అవసరాల కోసం సెంగ్ అనే సంస్థ మొదలుపెట్టింది ఆయనే. "బతుక్కి అర్థం ఏమిటి" అన్న దగ్గర మొదలయ్యే దిగులు ఒకటి ఉందని ఆయన రాశాడు. పదిహేనేళ్ల పిల్ల ఆ ప్రశ్న వేసినప్పుడు "ముందు నిద్రపో, రేపు మాట్లాడదాం" అంటే, తన ప్రశ్నకి ఈ ఇంట్లో చోటు లేదని అర్థం చేసుకుంటుంది.

మనోవైద్యురాలు_కె

గవాక్షం గారూ, ఆ చివరి మాటతో నాకు పూర్తిగా ఏకీభావం. పిల్లల ప్రశ్నకి గౌరవం ఇవ్వాలి. మనం విడిపోయేది ఒక్క చోటే. ఆ ప్రశ్న ఉందని చెప్పి జబ్బుని చూడకుండా ఉండకూడదు.

నేను గదిలో ఏం చేస్తానో చెబుతాను. "బతుక్కి అర్థం ఏముంది" అని పిల్ల అడిగితే, దాని గురించి నిజంగానే మాట్లాడతాను. తర్వాత ఒకటి అడుగుతాను: "ఈ ప్రశ్న నీకు రెండేళ్ల క్రితం కూడా వచ్చేదా? అప్పుడు దాని గురించి ఆలోచిస్తుంటే ఎలా ఉండేది?" చాలామంది కాసేపు ఆగి "అప్పుడు బాగుండేది, ఇంటరెస్టింగ్‌గా ఉండేది" అంటారు. ప్రశ్న అదే, ఇప్పుడు బరువెక్కింది. కుతూహలం ఉన్నచోట జవాబు దొరక్కపోయినా పిల్ల ఉత్సాహంగా ఉంటుంది. డిప్రెషన్‌లో జవాబు ముందే రాసి ఉంటుంది, "ఏమీ లేదు" అని, ప్రశ్న దాని చుట్టూ తిరుగుతూ ఉంటుంది. ఈ తేడా పిల్లకే చూపిస్తే, తెలివైన పిల్లలు చాలా త్వరగా పట్టుకుంటారు. వాళ్ల తెలివి వైద్యానికి సాయపడేది ఇలాంటి చోటే.

వెన్నెల అమ్మగారూ, మీరు ఈ రాత్రే చేయాల్సిన పని ఒకటుంది. నేరుగా అడగండి. "చచ్చిపోవాలని గానీ, నిన్ను నువ్వు గాయపరుచుకోవాలని గానీ ఆలోచనలు వస్తున్నాయా?" అని, ఆ మాటల్లోనే. అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందని అందరూ భయపడతారు. 2005లో న్యూయార్క్ రాష్ట్రంలో 2,342 మంది హైస్కూల్ విద్యార్థులతో దీన్నే పరీక్షించారు. అడిగిన పిల్లల్లో బాధగానీ ఆత్మహత్య ఆలోచనలుగానీ పెరగలేదు. అప్పటికే డిప్రెషన్ ఉన్న పిల్లల్లో అడిగాక బాధ కాస్త తగ్గిన సూచనలు కూడా కనిపించాయి.

ఎదురెదురుగా కూర్చుని అడగక్కర్లేదు. పక్కపక్కన నడుస్తూనో, బట్టలు మడతపెడుతూనో అడగొచ్చు. ఏం చెప్పినా ఏడవకుండా, ఉపన్యాసం ఇవ్వకుండా "చెప్పి మంచిపని చేశావు" అనండి.

వెన్నెల_అమ్మ

అడిగాను. నడకకి తీసుకెళ్లి అడిగాను.

వెంటనే ఏమీ అనలేదు. తర్వాత "చచ్చిపోవాలని కాదమ్మా. పొద్దున లేవకుండా ఉంటే బాగుండు అనిపిస్తుంది" అంది. చాలా నెలలుగా ఉందట. ఏమైనా చేయాలని అనుకున్నావా అంటే లేదంది. నేను మీరు చెప్పినట్టే అన్నాను. చెయ్యి పట్టుకుంది, ఇంటికొచ్చేదాకా వదల్లేదు.

మావారికి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఇప్పుడు ఏం చేయాలి?

మనోవైద్యురాలు_కె

బాగా చేశారు. మీ అమ్మాయి మీకు చెప్పింది, అది పెద్ద విషయం.

లేవకుండా ఉంటే బాగుండనడాన్ని కూడా తీవ్రంగానే తీసుకోవాలి. ప్లాన్ లేదంది కాబట్టి కాస్త ఊరట, కానీ నెల తర్వాత అపాయింట్‌మెంట్ అంటే కుదరదు. ఈ వారంలోనే చూపించండి. పిల్లల సైకియాట్రిస్ట్ దొరక్కపోతే ముందు మీ మామూలు డాక్టర్ దగ్గరికి వెళ్లి, మీకు చెప్పిన మాటల్ని ఉన్నవి ఉన్నట్టు చెప్పండి. థైరాయిడ్, రక్తహీనత లాంటివి కూడా చూడమనండి, అలసటకి అవీ కారణం కావచ్చు. ఇంట్లో ఉన్న మందులన్నీ తాళం వేసి పెట్టండి. దీన్ని అనుమానించడంలా కాకుండా, మామూలు జాగ్రత్తలా తనకే చెప్పి చేయండి. మాట మారినా, వీడ్కోలు చెబుతున్నట్టు అనిపించినా, ఏమైనా చేస్తానన్నా, అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. ఒంటరిగా వదలకుండా అప్పుడే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

రాత్రిపక్షి_17

ఇక్కడ పిల్లలు రాయొచ్చో లేదో తెలీదు. నాకు పదిహేడు. ఈ చర్చ మొత్తం చదివాను. ఫస్ట్ ర్యాంకు అక్క రాసిన ఫారం సంగతి, నేనూ అలాగే చేశాను. మా ఇంట్లో నన్ను ఎవరూ ఏమీ అనరు. అందుకే నాకు బాధపడే హక్కు లేదనిపిస్తుంది. నాకంటే కష్టాల్లో ఉన్నవాళ్లు ఎంతోమంది ఉన్నారు, నాకు అన్నీ ఉన్నాయి, బుర్ర కూడా ఉంది. అయినా ఇలా ఉన్నానంటే తప్పు నాలోనే ఉన్నట్టు కదా. ఎవరికైనా చెప్తే "నీకేం తక్కువ" అంటారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఒకప్పటి_ఫస్ట్_ర్యాంకు

రాయొచ్చు. రాసినందుకు చాలా సంతోషం.

"నీకేం తక్కువ" అన్నదానికి జవాబు చెప్పాల్సిన పని నీకు లేదు. అన్నీ ఉన్నవాళ్లకి జ్వరం రాదా? వచ్చినప్పుడు కారణం నిరూపించమని ఎవరూ అడగరు. నేను మా పిన్నికి చెప్పాను. ఎందుకంటే ఆవిడ ఎప్పుడూ వెంటనే సలహా ఇచ్చేది కాదు. మాటలు రాక ఫోన్‌లో టైపు చేసి స్క్రీన్ చూపించాను. "ఫారంలో అబద్ధం రాశాను" అని ఒక్క వాక్యం. ఆ ఒక్కటీ సరిపోయింది, తర్వాతిది ఆవిడ చూసుకుంది. నువ్వు ఇక్కడ రాసినదాన్నే ఒక పెద్దవాళ్లకి చూపించవచ్చు, కొత్తగా ఏమీ రాయక్కర్లేదు.

నిర్వాహకులు

రాత్రిపక్షీ, నీకు ప్రైవేట్ మెసేజ్ పంపాం, చూడు. నీకు చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా? ఇక్కడ చెప్పినా సరే, మెసేజ్‌లో చెప్పినా సరే. వస్తుంటే ఈ రాత్రికి ఒంటరిగా ఉండొద్దు. ఇంట్లో ఉన్నవాళ్లలో ఎవరితో కాస్త తేలిగ్గా ఉంటుందో వాళ్ల గదికి వెళ్లు, లేపైనా సరే. మీ దేశంలో ఉన్న సంక్షోభ హెల్ప్‌లైన్ నంబర్, ఎమర్జెన్సీ నంబర్ మెసేజ్‌లో పెట్టాం.

రాత్రిపక్షి_17

ఒక్కోసారి వస్తాయి. ఇప్పుడు లేవు. అన్నయ్య మేలుకునే ఉన్నాడు. వాడికి ఈ పేజీ చూపిస్తున్నాను.

కవలల_నాన్న

పెద్దవాళ్లకి ఒక ప్రశ్న. నా పిల్లల్లో ఒకడిని అందరూ జీనియస్ అంటారు. పైతరగతి పాఠాలు, ఒలింపియాడ్ క్లాసులు అన్నీ నడుస్తున్నాయి. ఇదంతా చదివాక భయమేస్తోంది. అవన్నీ మాన్పించేస్తే మంచిదా? మామూలు పిల్లాడిలా పెరగనిద్దామా?

లెక్కల_మాస్టారు

వద్దండి, అంత తొందరొద్దు. వచ్చిన పాఠమే ఏడాది పొడవునా మళ్లీ వినాల్సి రావడం కూడా ఈ పిల్లల్ని కుంగదీస్తుంది. ముందు తరగతులకి వెళ్లడం మనసుని దెబ్బతీస్తుందన్న భయానికి ఆధారం లేదు. 1971లో జూలియన్ స్టాన్లీ అనే మనస్తత్వవేత్త ప్రతిభావంతులైన పిల్లల మీద మొదలుపెట్టిన దీర్ఘకాల అధ్యయనంలోని వాళ్లని యాభై ఏళ్ల వయసులో చూస్తే, వేగంగా చదివినవాళ్ల మానసిక ఆరోగ్యం మిగతావాళ్ల కంటే తీసిపోలేదని 2021లో ప్రచురించారు.

చూడాల్సింది క్లాసుల సంఖ్య కాదు. ఓడిపోయిన రోజు మీవాడు ఇంటికొచ్చి ఏం చేస్తాడో చూడండి. తిడుతూ అయినా ఆ లెక్క మళ్లీ తీస్తే భయం లేదు. పేపరు దాచేసి, "నాకది పెద్ద ఇష్టం లేదులే" అంటే మాట్లాడాల్సిన సమయం వచ్చినట్టే.

జీనియస్ అన్న మాట మాత్రం ఇంట్లో మాన్పించండి. 1998లో మ్యూలర్, డ్వెక్ అనే మనస్తత్వవేత్తలు చేసిన ప్రయోగాల్లో తెలివిని పొగిడించుకున్న పిల్లలు, కష్టమైన లెక్కలు తప్పాక త్వరగా వదిలేశారు, ఆ పని మీద ఇష్టం కూడా తగ్గింది. తమ స్కోరు ఎంతో వేరే పిల్లలకి రాయమంటే, ఎక్కువ చేసి రాసుకున్నవాళ్లు కూడా వాళ్లలోనే ఎక్కువ. తర్వాత వచ్చిన అధ్యయనాలు అన్నీ ఇంత గట్టిగా లేవు. అయినా క్లాసులో నేను చూసేదానికి ఇది దగ్గరగా ఉంది.

మనోవైద్యురాలు_కె

మాస్టారు చెప్పినదానికి ఒక చిన్న చేర్పు. తెలివితేటలతో పాటు ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతిచురుకు), డిస్‌లెక్సియా (చదవడంలో ఇబ్బంది), ఆటిజం లాంటివి ఉన్న పిల్లలుంటారు. తెలివి లోటుని కప్పేస్తుంది, లోటు తెలివిని కప్పేస్తుంది, బయటికి మామూలు పిల్లాడిలా కనిపిస్తాడు. లోపల రెట్టింపు కష్టపడుతుంటాడు. "తెలివుంది గానీ బద్ధకం" అని పేరుపడ్డ పిల్లల్ని ఒకసారి ఈ కోణంలో పరీక్ష చేయించండి.

నిద్ర గురించి కూడా. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్లదాకా 8 నుంచి 10 గంటలు కావాలి. ఈ వయసులో నిద్ర వేళ సహజంగానే వెనక్కి జరుగుతుంది కాబట్టి తొమ్మిదింటికే పడుకోమంటే కుదరదు. పొద్దున్నే ఉన్న క్లాసులు తీసేయడం రాత్రి కేకలేయడం కంటే పనిచేస్తుంది.

వెన్నెల_అమ్మ

డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చాం. డిప్రెషనే అన్నారు, మధ్యస్థం నుంచి తీవ్రం మధ్యలో. అమ్మాయితో ఒంటరిగా చాలాసేపు మాట్లాడారు. బయటికొచ్చి నాతో "ఆవిడ నా మాటలకి ఆశ్చర్యపోలేదమ్మా" అంది. అది తనకి నచ్చినట్టుంది. వారానికోసారి సీబీటీ (ఆలోచనల తీరుని, అలవాట్లని మార్చుకునే మాటల చికిత్స), దాంతోపాటు ఫ్లుయాక్సెటిన్ అనే డిప్రెషన్ మందు మొదలుపెడదామన్నారు. బ్యాచ్ మార్చడం గురించి అమ్మాయే తేల్చుకోవాలన్నారు, ఇప్పుడే కాదు, కాస్త తేరుకున్నాక.

మావారికి మందు అంటే భయం. ఇంటర్నెట్‌లో ఈ మందులతో టీనేజర్లలో ఆత్మహత్య ఆలోచనలు పెరుగుతాయని చదివారు. మా అమ్మాయి అయితే పరిశోధన పేపర్లు తీసుకుని తనే చదవడం మొదలుపెట్టింది! మేడమ్, మీరు కాస్త చెప్పగలరా?

మనోవైద్యురాలు_కె

మీవారు చదివింది నిజమే. 2004లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పిల్లల మీద జరిగిన ట్రయల్స్ అన్నీ కలిపి చూసింది. ఆత్మహత్య ఆలోచనలు లేదా ప్రవర్తన ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 2 శాతం, మందు వేసుకున్నవాళ్లలో 4 శాతం. ఆ ట్రయల్స్‌లో ఎవరూ ఆత్మహత్య చేసుకోలేదు. అందుకే డబ్బా మీద హెచ్చరిక ఉంటుంది, అందుకే మొదటి వారాల్లో తరచూ రమ్మంటాం.

రెండో వైపు కూడా చూడాలి. అదే ఏడాది టీనేజర్ల డిప్రెషన్ చికిత్స మీద వచ్చిన టాడ్స్ అనే అధ్యయనంలో 12 నుంచి 17 ఏళ్ల 439 మంది ఉన్నారు. పన్నెండు వారాలకి మెరుగైనవాళ్లు ఉత్తుత్తి మాత్రతో 35 శాతం, సీబీటీ ఒక్కదానితో 43, ఫ్లుయాక్సెటిన్ ఒక్కదానితో 61, రెండూ కలిపితే 71. మీ డాక్టర్ రెండూ కలిపి ఇవ్వడానికి కారణం ఇదే అయి ఉంటుంది.

ఇంట్లో గమనించాల్సింది, మొదటి నెలలో, మోతాదు మార్చినప్పుడు: కుదురుగా కూర్చోలేకపోవడం, నిద్ర ఇంకా చెడిపోవడం, అకస్మాత్తుగా విపరీతమైన హుషారు, చావు గురించిన మాటలు పెరగడం. వీటిలో ఏది కనిపించినా అదే రోజు డాక్టర్‌కి ఫోన్ చేయండి. గుణం కనబడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. బాగైపోయిందని మధ్యలో మీ అంతట మీరు ఆపేయకండి. తేరుకున్నాక కూడా కనీసం ఆరు నెలల పాటు కొనసాగించి, తర్వాత మెల్లగా తగ్గిస్తారు.

అమ్మాయి పేపర్లు చదువుతోందన్నారు. చదవనివ్వండి, కానీ అర్ధరాత్రి ఒంటరిగా కాదు. అర్థంకానివి, భయపెట్టినవి కాగితం మీద రాసుకుని తర్వాతి అపాయింట్‌మెంట్‌కి తెమ్మనండి. అలాంటి కాగితం తెచ్చే పిల్లలతో నేనైతే అరగంట ఎక్కువే కూర్చుంటాను.

వెన్నెల_అమ్మ

చెప్పాను. నిన్న రాత్రికే పదకొండు ప్రశ్నలు రాసింది. అందులో నాలుగు మావారివి.